దర్వాజ మీది 1287 ఏ సంవత్సరం?

ప్రశ్న: నమస్తే సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ముత్తాతల ఇల్లు ఇంకా గట్టిగనే ఉంది, నడుమ మండువ, చుట్టూ అర్రలు, టేకు దర్వాజ. దర్వాజ మీద 1287 అని చెక్కి ఉంది. మా పెదనాయిన ఇది ఏడు వందల ఏండ్ల ఇల్లని వచ్చినోళ్లందరికీ చెప్తడు, నిజమేనా? ఇంకోటి, గోడల గిలాబు ఊడుతున్నది, మేస్త్రి సిమెంట్ కొడదామంటున్నడు, కొట్టియ్యొచ్చా?

జవాబు: పెదనాయినను ఏమనకు తల్లీ, ఆ అంకె చూస్తే ఎవరైనా అట్లనే అనుకుంటరు. 1287 అంటే రాణి రుద్రమ ఇంకా బతికున్న కాలం, ఆమె 1289ల చనిపోయిందని చెప్పే చందుపట్ల శాసనం మన నల్గొండ జిల్లాలనే ఉంది, మరి అప్పటి టేకు దర్వాజ ఇంకా కిర్రుమనకుండ తెరుసుకుంటదా?

అది ఫసలీ లెక్క, అంటే శిస్తు కోసం పెట్టుకున్న పంట సంవత్సరాల లెక్క అయ్యుంటది. నిజాం రాజ్యంల శిస్తు కాగితాలన్నీ ఫసలీలనే రాసేటోళ్లు, దానికి 590 కలుపు, 1877 వస్తది. హిజ్రీ అనుకున్నా 1870 దగ్గరనే ఆగుతది. ఎట్ల జూసినా సాలార్‌జంగ్ దివాన్‌గ ఉన్నప్పటి మాటే. 1876ల ధాత కరువు గురించి మీ ఇంట్ల ముసలోళ్లు ఏమన్న చెప్పిన్రా అడుగు, ఇల్లు కట్టిన ముచ్చట అందులనే దొరకొచ్చు. పాత కాగితాలుంటే అవీ తియ్యి, హైదరాబాద్ సర్కారు 1884ల ఫార్సీ బంద్ చేసి ఉర్దూ పెట్టింది కాబట్టి సర్కారీ కాగితం ఫార్సీల ఉంటే దాదాపు అంతకు ముందుదే. కాకపోతే ఆ అంకె దర్వాజ వయసే చెప్తది, ఒక ఇంటి దర్వాజ ఊడదీసి ఇంకో ఇంటికి పెట్టుడు మన దిక్కు కొత్తేం గాదు. ఇంటి కప్పునైతే అసలే నమ్మకు, గూన పెంకలు తీసి బెంగుళూరు పెంకలు వేసిన ఇండ్లు బోలెడు.

సిమెంట్ మాత్రం వద్దే వద్దు. అప్పటి గోడల గిలాబు డంగు సున్నంది, గానుగల ఎద్దులతోని తిప్పి బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి నూరిన సున్నం, అది తేమను పీల్చుకుని మళ్ల బయటికి వదులుతది. సిమెంట్ పూస్తే పునాది నుంచి ఎక్కిన తడి లోపలనే ఇరుక్కుని ఉప్పు తేలి, రెండు మూడు వానకాలాలల్ల పెచ్చులు పెచ్చులుగ రాలుతది, పోయేటప్పుడు లోపలి మట్టిని కూడ పట్టుకుపోతది. ముందు నీళ్లు ఎక్కడ కారుతున్నయో చూసి పెంకలు సర్దిపియ్యి, ఊడినంత మేరకే గీకి సున్నంతోనే గిలాబు చేపియ్యి, సున్నం పని తెల్సిన ముసలి మేస్త్రి దొరికేదాకా ఆగినా నష్టం లేదు.

పెయింట్ వేసేటోనికి కూడ ముందే చెప్పు, ఆ 1287 మీద ఎనామిల్ కొట్టొద్దని.