కంపెనీ ఫోన్ చేస్తే మన ప్రకటన ఆగిపోవాలా?

ప్రశ్న: ఉప్పల్‌లో మా కాలనీవాళ్లం కలిసి ఓ వినియోగదారుల సంఘం పెట్టుకున్నాం. పిల్లలు తాగే ఒక జ్యూస్ బాటిల్‌లో చక్కెర ఎంతుందో చెబుతూ, చందాలు వేసుకుని లోకల్ కేబుల్ చానల్‌కి ప్రకటన ఇచ్చాం. అడ్వాన్స్ తీసుకున్నవాళ్లే తర్వాత ‘ఆ కంపెనీ మాకు యాడ్స్ ఇస్తుందమ్మా, కుదరదు’ అని డబ్బు తిరిగిచ్చేశారు. ఈలోగా కంపెనీ లాయర్ నుంచి పరువునష్టం నోటీసు! మా సెక్రటరీగారైతే టెన్షన్‌తో సంఘమే మూసేద్దామంటున్నారు. మాట్లాడే హక్కు డబ్బున్నవాళ్లకేనా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మూసేయకండమ్మా. చానల్ మీద మీ కోపం న్యాయమే, కానీ ఆ కోపంతో కోర్టు మెట్లెక్కితే ఖర్చు తప్ప ఫలితం ఉండదు. రాజ్యాంగం 19(1)(ఎ) కింద ఇచ్చిన హక్కు ముఖ్యంగా ప్రభుత్వం మన నోరు నొక్కకుండా చూడటానికి. ఏ యాడ్ వేయాలో వద్దో చూసుకునే స్వేచ్ఛ ప్రైవేటు చానల్‌కీ ఉంటుంది. నాకూ మింగుడుపడని విషయమే, ఏం చేస్తాం.

అదే ఒక ప్రభుత్వ సంస్థ ‘వేయం’ అంటే కథ వేరు. అహ్మదాబాద్ వినియోగదారుల ఉద్యమకారుడు మనుభాయ్ షా, ఎల్‌ఐసీ పాలసీదారులకు అన్యాయం చేస్తోందని రాశారు. దానికి జవాబుగా వచ్చిన వ్యాసాన్ని తన పత్రికలో వేసుకున్న ఎల్‌ఐసీ, షాగారి ప్రతిజవాబు మాత్రం వేయనంది. 1992లో సుప్రీంకోర్టు ఏమందంటే, జనం సొమ్ముతో నడిచే సంస్థ ఒకవైపు మాటే వేస్తే కుదరదు, ఆయనదీ వేయాల్సిందే అంది. కాబట్టి మీ ప్రకటన సిటీ బస్సు మీద వేయమని ఆర్టీసీని రాతపూర్వకంగా అడిగి చూడండి. మధ్యలో ఉండే యాడ్ ఏజెన్సీకి కాదు, ఆర్టీసీకే ఉత్తరం రాయండి. అందరికీ ఒకటే నిబంధన పెట్టి కాదంటే సరే, కారణం లేకుండా కాదంటే సమాచార హక్కు కింద అడగండి, జవాబుకి గడువు 30 రోజులు.

ఇక నోటీసు. అది లాయర్ రాసిన ఉత్తరమేగానీ కోర్టు ఉత్తర్వు కాదు. అలాగని పక్కన పడేయొద్దు, లాయర్‌తో జవాబు ఇప్పించండి. ప్రోటీన్ పొడిని ల్యాబ్‌లో పరీక్ష చేయించి లేబుల్‌లో చెప్పినంత లేదని వీడియోలు పెట్టినవాళ్ల మీద ఒక కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెళితే, 2025 ఏప్రిల్‌లో కేసు తేలేదాకా ఆ వీడియోలను ఆపేయాలన్న మధ్యంతర ఆంక్ష కోర్టు ఇవ్వలేదు. వాళ్ల చేతిలో ల్యాబ్ రిపోర్టులు ఉన్నాయి మరి.

మీ బలమంతా మాటలో ఉంది. మీరు పంపిన ప్రకటన చూశాను, ‘ఈ జ్యూస్ పిల్లలకు స్లో పాయిజన్’ అన్న ముక్క ఉంది చూడండి, నోటీసు వచ్చింది దానికే. అది తీసేయండి. ‘ఈ బాటిల్ లేబుల్ ప్రకారం 100 మి.లీ.కి చక్కెర ఇన్ని గ్రాములు’ అని రాసి పక్కన లేబుల్ ఫొటో పెట్టండి, ఎప్పుడు కొన్నారో బిల్లు దాచుకోండి. వాళ్ల లేబుల్‌నే వాళ్లు కాదనలేరు కదా! లేబుల్‌లో ఉన్నదే తప్పని మీ అనుమానమైతే మాత్రం ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చేదాకా ఆ మాట ఎత్తొద్దు.

మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్‌గారు ఏళ్ల తరబడి చేసింది ఇలాంటి పనే. విరేచనాలైన పిల్లలకు పట్టే ఓఆర్‌ఎస్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, అదే పేరు పెట్టుకుని మందుల షాపుల్లో అమ్మే తీపి డ్రింకుల్లో చక్కెర అంతకు ఎన్నో రెట్లు. ఈ తేడా చూపిస్తూ వీడియోలు పెట్టారు, తెలంగాణ హైకోర్టుకూ వెళ్లారు. చివరికి 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ ఫార్ములా లేని డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడొద్దంది.

ఆ కంపెనీ సొంత యాడ్‌లో జనాన్ని మభ్యపెడుతోందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. తప్పు తేలితే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

సెక్రటరీగారికి నోటీసు జిరాక్స్ ఇస్తే చాలు. ఒరిజినల్‌ని, అది వచ్చిన పోస్టు కవరుతో సహా మీ దగ్గర పెట్టుకోండి, జవాబు గడువు లెక్కేసేటప్పుడు లాయర్ ముందు అడిగేది ఆ కవరు మీద తేదీనే.