ఐటీఐ చదివిన కొడుకును నవోదయకు పంపాలా, బీటెక్ చేయించాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తిచేసి మిర్యాలగూడలో ఒక కాంట్రాక్టర్ దగ్గర పనికి వెళ్తున్నాడు. రైస్ మిల్లుల్లో మోటార్లు, వైరింగ్ చూస్తాడు. నవోదయ విద్యాలయాల్లో ఎలక్ట్రీషియన్ కమ్ ప్లంబర్ పోస్టులు పడితే రాస్తానంటున్నాడు. నాకేమో ఎల్‌పీసెట్ రాయించి డిప్లొమా, తర్వాత ఈసెట్‌తో బీటెక్ చేయించాలని ఉంది. బడిలో ఫ్యాన్లు బాగుచేసే ఉద్యోగమంటే చుట్టాల్లో చులకనైపోతాం. రెండింటినీ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: పోల్చి చెప్తాను. అయితే మీ ఉత్తరంలో జీతమెంత, ఆ ఉద్యోగంలో పనేమిటి అన్న మాటే లేదు. చుట్టాలు మాత్రం ఉన్నారు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. పైకి "ఏది మంచిది" అని అడుగుతారు. లోపల ఉండేది "మంచి సంబంధాలు వస్తాయా, నలుగురిలో చెప్పుకోగలనా" అన్న బెంగ. ముందు దానికే జవాబిస్తా. వస్తాయి, చెప్పుకోగలరు. నవోదయ విద్యాలయ సమితి కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న సంస్థ. ఈ పోస్టుకు పే లెవెల్ 2, అంటే మూల వేతనం 19,900 నుంచి మొదలై 63,200 దాకా పోతుంది. డీఏ (కరువు భత్యం) కలిసి, పెన్షన్ కోసం పట్టుకునే ఎన్‌పీఎస్ కటింగ్ పోగా మొదట్లోనే చేతికి సుమారు 28 వేలు వస్తుంది. క్యాంపస్‌లో క్వార్టర్ ఇస్తే ఇంటి అద్దె ఉండదు. హైదరాబాద్‌లో బీటెక్ ఫ్రెషర్‌గా చేరి, హాస్టల్ ఫీజు, మెట్రో చార్జీలు పోగా ఎంత మిగులుతుందో ఆ చుట్టాలనే అడగండి.

ఇక "ఫ్యాన్లు బాగుచేసే పని" అన్నారు. నవోదయలో ఏటా ఆరో తరగతిలో 80 మందిని తీసుకుంటారు. పన్నెండు దాకా లెక్కేస్తే నిండా ఉన్న బడిలో 560 మంది పిల్లలు. అందరూ అక్కడే తింటారు, అక్కడే పడుకుంటారు. తెల్లవారుజామున బోరు మోటారు ఎక్కకపోతే స్నానాలు లేవు, వంట లేదు. త్రీఫేజ్ మోటారుకు ఒక ఫేజు పోయిందనుకోండి, అది వెంటనే ఆగదు. మూలుగుతూ వైండింగ్ కాలేదాకా తిరుగుతూనే ఉంటుంది. స్టార్టర్‌లో మోటారు కాలకుండా కరెంటు ఆపే రిలే సరిగ్గా పడుతోందో లేదో ముందే చూసుకునే మనిషి ఉండాలి.

చలికాలంలో పిల్లలు వార్డెన్ కన్నుగప్పి బకెట్లో హీటర్ రాడ్ పెడతారు. ఆ ప్లగ్ బోర్డు విప్పితే ఎర్త్ పిన్నుకు అసలు వైరే ఉండకపోవచ్చు. పైన డీబీలో (స్విచ్చుల పెట్టెలో) ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు, మాటిమాటికీ పడిపోతోందని ఎవరో పుణ్యాత్ముడు దాన్ని బైపాస్ చేసి ఉండొచ్చు. ఆ బైపాస్ తీసేసి, వైరు ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పెట్టి, ఏ గదిలో తడి గోడలోంచి లీకేజీ వస్తోందో ఒక్కో సర్క్యూట్ విడదీసి వెతకాలి. ఎండాకాలంలో ఎర్త్ పిట్లు ఎండిపోకుండా నీళ్లు పోయించాలి. జూన్‌లో పిల్లలు తిరిగొచ్చేలోపు ఈ పనులన్నీ ముగించాలి. ఇవి సరిగ్గా జరిగినప్పుడు ఎవరికీ కనిపించవు. అందుకే మీ చుట్టాలకు ఇది ఫ్యాన్లు బిగించే పనిలా కనిపిస్తోంది. మిల్లులో హెవీ మోటార్లు చూసిన కుర్రాడికి సగం పని ఇప్పటికే వచ్చు. పైపులు, ట్యాంకులు, వాల్వుల పని కాస్త నేర్చుకోమనండి. పోస్టు పేరులోనే ప్లంబర్ ఉంది మరి.

ఇప్పుడు మీరు చెప్పిన దారి. ఐటీఐ నుంచి బ్రిడ్జ్ కోర్సు చేసి, ఎల్‌పీసెట్‌తో డిప్లొమా రెండో ఏడాదిలో చేరితే రెండేళ్లు. ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరితే మూడేళ్లు. ఒక్క సబ్జెక్టూ తప్పకపోతే బయటికొచ్చేసరికి 27 దాటుతాయి. లెక్కలంటే చెమటలు పట్టే పిల్లలు ఇంజినీరింగ్ మ్యాథ్స్ బ్యాక్‌లాగ్‌లతో రెండేళ్లు అదనంగా గడిపేయడం మామూలే. అంతా సవ్యంగా జరిగిందనే అనుకుందాం. చేతికొచ్చేది ఈఈఈ (ఎలక్ట్రికల్) డిగ్రీ. ఈఈఈ చదివినవాళ్లు చాలామంది చివరికి ఏ కోచింగ్ సెంటర్‌లోనో జావానో పైథానో నేర్చుకుని సాఫ్ట్‌వేర్ క్యూలో నిలబడుతున్నారు. ఆ క్యూలో ముందున్నది 21 ఏళ్ల సీఎస్‌ఈ పిల్లలు. వాళ్లకే ఆఫర్ లెటర్ చేతికొచ్చాక కూడా జాయినింగ్ డేట్ కోసం నెలల తరబడి టెన్షన్. పైగా మొదటి ఉద్యోగంలో చేసే చిన్నాచితకా కోడింగ్, టెస్టింగ్ పనుల్లో కొంత భాగం ఇప్పుడు ఏఐ టూల్స్ చేసేస్తున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారేమో. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు ఆపే కాలేజీల సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. బీటెక్ ఈఈఈ పూర్తిచేసి "డిగ్రీ దాచిపెట్టి జేఎల్‌ఎం (జూనియర్ లైన్‌మన్) పోస్టుకు అప్లై చేయొచ్చా" అని అడుగుతూ నాకు రాసేవాళ్లున్నారు. మీ అబ్బాయి ఇవాళ ఉన్న చోటికి వాళ్లు ఐదేళ్లు తిరిగి వస్తున్నారన్నమాట.

డిప్లొమా వద్దనడం లేదు. డిస్కంలలో (కరెంటు పంపిణీ సంస్థల్లో) సబ్ ఇంజినీర్ పోస్టుకు అది కావాలి. పిల్లాడే చదువుతానంటే చదివించండి. అతను ఉద్యోగానికి రాస్తానంటుంటే మీరు పుస్తకాల సంచి తగిలించి పంపడం మాత్రం నాకు నచ్చలేదు. కొంచెం కటువుగానే అంటున్నా, ఏమీ అనుకోకండి. చేతిలో పనున్న కొడుకును పట్టుకుని ఇంకెవరి కొడుకుతోనో తూచడం మానండి. అతను ఇంటికి పంపే డబ్బుతో మీరు ఏ ఈఎంఐ కడుతున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి.

నవోదయ దారిలోనూ ముళ్లున్నాయి. నోటిఫికేషన్ ఏటా రాదు. 2022లో ఈ పోస్టులు 273 వచ్చాయి, 2024లో 128. రెండూ దేశం మొత్తానికి. అంటే దీన్నే నమ్ముకుని పని మానేసి గదిలో కూర్చుంటే మునిగినట్టే. పోస్టింగ్ ఏ రాష్ట్రంలోనైనా ఇవ్వొచ్చు, ఒక్క తమిళనాడు తప్ప. అక్కడ నవోదయలే లేవు. హిందీ మాట్లాడటం రావాలి. బడులు ఎక్కువగా ఊళ్లకు దూరంగా ఉంటాయి, అర్ధరాత్రి కరెంటు పోయినా పిలుపు మీవాడికే వస్తుంది. పెళ్లయ్యాక భార్యకు ఆ చోట ఉద్యోగం దొరకడం కష్టం. సంబంధాల గురించి ఆలోచించేటప్పుడు ఇది ఆలోచించండి, ఉద్యోగం పేరు కాదు. కొత్త బడులు వస్తున్నాయన్నది మంచి కబురు. 2024 డిసెంబర్‌లో కేంద్రం 28 నవోదయలకు ఆమోదం తెలిపింది, అందులో 7 తెలంగాణవే.

గురుకులాల్లో ఎలక్ట్రీషియన్ పని దొరికినా అది ఎక్కువగా ఔట్‌సోర్సింగే. అనుభవం కోసం చేరొచ్చు. పీఎఫ్ కడుతున్నారో లేదో యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరుతో నెలనెలా చూసుకోవాలి. మామూలు సర్కారు బడుల్లో ఈ పోస్టే ఉండదు. హెడ్మాస్టరు స్కూల్ గ్రాంటులోంచి ఊళ్లో మనిషిని పిలిపించుకుంటారు. జేఎల్‌ఎం నోటిఫికేషన్ వస్తే అదీ రాయమనండి, స్తంభం ఎక్కే పరీక్షకు ఇప్పటినుంచే ప్రాక్టీస్ ఉండాలి.

చేయాల్సింది ఒకటుంది, అది ఈ వారమే చేయండి. 2024 నోటిఫికేషన్‌లో పది పాస్, ఐటీఐతో పాటు రెండేళ్ల అనుభవం అడిగారు. వయసు 40 దాకా ఇచ్చారు కాబట్టి అటు తొందరేం లేదు. చిక్కంతా అనుభవం కాగితం దగ్గరే. కాంట్రాక్టర్ల దగ్గర చేసే పిల్లల్లో చాలామందికి పనొచ్చు, కాగితం ఉండదు. ఆయన లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరైతే లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, చేసిన పని వివరంగా రాయించి సంతకం, స్టాంపు వేయించుకోమనండి. మనస్పర్థలు వచ్చి పని మానేశాక అడిగితే ఎవరూ ఇవ్వరు. లైసెన్స్ లేని మేస్త్రీ అయితే ఆ కాగితం చెల్లడం కష్టం. అప్పుడు అప్రెంటిస్‌షిప్‌లోనో లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గరో చేరడం మేలు. వైర్‌మన్ పర్మిట్ లేకపోతే దానికీ అప్లై చేయించండి. పదో తరగతి మెమోలో, ఐటీఐ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందో లేదో ఇవాళే చూడండి. తేడా ఉంటే సవరణకు నెలలు పడుతుంది.