నలభై మెయిళ్లు పెట్టినా ఒక్క జవాబూ రాలేదు

ప్రశ్న: మాది అనకాపల్లి. విశాఖలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి ఏడాది. వేసవిలో ఏదైనా ల్యాబ్‌లో ప్రాజెక్టు చేద్దామని నలభై మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను సర్. ఒక్కరూ పలకలేదు. తెలిసినవాళ్లు లేకపోతే రీసెర్చ్‌లోకి రాలేమా?

జవాబు: నువ్వు జతచేసిన మెయిల్ చూశానమ్మా. 'రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్' అని మొదలైంది. నలభై మందికీ ఒకటే పంపావని ఆ మొదటి లైనే పట్టిచ్చేసింది. అలాంటివి వాళ్లకి రోజూ వస్తాయి, చదవకుండానే పక్కన పెట్టేస్తారు.

ఈసారి నలుగుర్నే ఎంచుకో. ఒక్కొక్కరిదీ ఈమధ్య వచ్చిన రీసెర్చ్ పేపర్ ఒకటి తీసుకో. అంతా అర్థం కానక్కర్లేదు, ఒక్క గ్రాఫ్ దగ్గర ఆగి ఆలోచించు. 'మూడో గ్రాఫ్‌లో అరవై డిగ్రీలు దాటాక యీల్డ్ పడిపోయింది కదా, కేటలిస్టు పాడవుతోందా, సాల్వెంట్ ఆవిరైపోతోందా?' ఇలా నిజంగా నీకు తట్టిన సందేహం ఒకటి రాయి. టీఎల్‌సీ (మిశ్రమంలో ఏమేం ఉన్నాయో చిన్న పలక మీద చూసే పరీక్ష) వెయ్యడం వచ్చంటే వచ్చని, కాలమ్ (వాటిని గొట్టంలో వేరుచేసే పద్ధతి) ఎప్పుడూ చెయ్యలేదంటే లేదని చెప్పు. నువ్వు రాగలిగే తేదీలు ఇవ్వు. పది లైన్లు దాటనివ్వకు. పేపర్లు డబ్బు కట్టమంటున్నాయా? 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ యూనివర్సిటీలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, అందుతున్నాయి. మీ లైబ్రేరియన్‌ని అడుగు.

తెలిసినవాళ్లు అక్కర్లేని దారి కూడా ఉంది. బెంగళూరు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీ ఇన్సా, ప్రయాగ్‌రాజ్ నాసీ అనే మూడు సైన్స్ అకాడమీలు కలిసి సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. రెండు నెలలు, స్టైపెండుతో. అయితే దానికి ముందు ఏడాది చివర్లోనే అప్లై చెయ్యాలి, పైగా ఒక టీచర్ సిఫార్సు లేఖ కావాలి. నీ పేరు గుర్తుపెట్టుకుని నాలుగు ముక్కలు రాసిచ్చే మాస్టారు మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఉన్నారా? నాకైతే నీ అసలు లోటు అక్కడే కనిపిస్తోంది. ప్రాక్టికల్స్ అయిపోగానే బ్యాగు తగిలించుకుని బస్సు కోసం పరుగెత్తేవాళ్లని ఏ మాస్టారూ గుర్తుపెట్టుకోలేరు. ఓ సాయంత్రం ఆగి, 'మీ పీహెచ్‌డీ స్కాలర్స్‌కి ఏదైనా సాయం చెయ్యనా సర్' అని అడుగు. గ్లాస్‌వేర్ కడగమన్నా కడుగు, పక్కన జరిగే పని కంటపడుతుంది.

పీహెచ్‌డీ దాకా వెళ్తే ఇంకో సంగతి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మాత్రమే చేరొచ్చు. కాబట్టి ముందు ఖాళీ ఉందో లేదో కనుక్కో. గైడ్ ఎలాంటివారో తెలియాలంటే ఆయన స్కాలర్‌ని క్యాంటీన్‌లో ఒంటరిగా కలిసి, 'డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకి తిరిగొస్తుంది?' అని అడుగు. నా థీసిస్ చాప్టర్ ఒకటి ఎనిమిది నెలలు గైడ్ బల్లమీదే పడి ఉంది, అందుకే చెబుతున్నా.

ఇంట్లో 'ఇంకా ఎన్నేళ్ల చదువు?' అంటే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలని నాన్నగారికి చెప్పు. కొత్త మెయిల్ రాశాక, పంపేముందు నాకోసారి చూపించు.