టెక్ సందేహాలు: ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ నిలవడం లేదు, ఏ పవర్ మోడ్ పెట్టాలి?

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నా విండోస్ 11 ల్యాప్‌టాప్ కొని రెండేళ్లయింది. మొదట్లో ఐదు గంటలు వచ్చే ఛార్జింగ్ ఇప్పుడు రెండు గంటలకే దిగిపోతోంది. ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’లోనే ఉంచమని సీనియర్లు అంటున్నారు. ల్యాబ్‌లో ప్లగ్ పాయింట్లు తక్కువ. రోజూ టెన్షన్‌గా ఉంటోంది.
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: సెట్టింగుల జోలికి వెళ్లేముందు బ్యాటరీలో సత్తా ఎంత మిగిలిందో చూడాలమ్మా. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇంగ్లిష్‌లో ‘పవర్’ అని కొట్టి, దానికి ఆనించి సి, ఎఫ్, జి అక్షరాలు, ఒక ఖాళీ, ఆ తర్వాత స్లాష్ పెట్టి ‘బ్యాటరీరిపోర్ట్’ అని కలిపి టైప్ చేసి ఎంటర్ నొక్కండి. రిపోర్ట్ ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిచి ‘డిజైన్ కెపాసిటీ’, ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ అనే రెండు వరుసలు చూడండి. మొదటిది 50,000, రెండోది 30,000 ఉందనుకోండి, బ్యాటరీ సత్తాలో 40 శాతం పోయినట్టే. పోయినదాన్ని ఏ సెట్టింగూ తిరిగి తీసుకురాలేదు. బ్యాటరీ మార్పించుకోవడమే దారి.

రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే మాత్రం ఛార్జింగ్‌ను తినేస్తున్నవి సెట్టింగులు గానీ, వెనకాల నడుస్తున్న యాప్‌లు గానీ అనుకోవచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీలోకి వెళితే ‘పవర్ మోడ్’ ఉంటుంది. మీ సీనియర్ల సలహా ఛార్జర్ పెట్టి ఉన్నప్పటికి సరే, బ్యాటరీ మీద మాత్రం వద్దు. ప్రాసెసర్ వేగం పెరగాలంటే దానికి వోల్టేజీ కూడా పెంచాలి. కరెంటు ఖర్చేమో వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది. అందుకే ఆఖర్న వచ్చే ఆ కాస్త వేగానికే ఎక్కువ ఛార్జింగ్ పోతుంది. నోట్స్ రాసుకోవడానికీ, పీడీఎఫ్ చదవడానికీ ఆ వేగం అక్కరే లేదు. క్లాసులో ‘బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ’ పెట్టండి, ప్రోగ్రామ్ కంపైల్ చేసేటప్పుడు ‘బ్యాలెన్స్‌డ్’కు మారండి. వీడియో ఎడిటింగ్ లాంటి బరువైన పనులు ప్లగ్ దొరికాకే పెట్టుకోండి.

నేను ఎప్పటినుంచో వాడుతున్న చిట్కా ఇంకొకటి ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ వరకూ వెళ్లండి. అక్కడ ‘మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’లో ‘ఆన్ బ్యాటరీ’ పక్కన 100 తీసేసి 99 పెట్టండి. మార్చింది ఒక్క శాతమే అయినా చాలా ల్యాప్‌టాప్‌లలో దీంతో టర్బో బూస్ట్, అంటే ప్రాసెసర్ తన మామూలు వేగాన్ని (బేస్ స్పీడ్) దాటి పరుగెత్తడం, ఆగిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ స్పీడ్ చూస్తూ ఈ మార్పు చేశాను. అప్పటిదాకా 4 గిగాహెర్ట్జ్ దాకా ఎగిరిన అంకె బేస్ స్పీడ్ దగ్గరే నిలబడిపోయింది. కాసేపటికి ఫ్యాన్ మోత కూడా తగ్గింది. ‘ప్లగ్డ్ ఇన్’ దగ్గర 100 అలాగే ఉంచండి. కొన్ని కొత్త మోడళ్లలో ఈ వరుస కనిపించదు, వాటిలో పవర్ మోడ్‌తోనే సరిపెట్టుకోవాలి.

స్క్రీన్ వెలుతురు కూడా తగ్గించండి, మామూలు పనుల్లో ఎక్కువ ఛార్జింగ్ తాగేది అదే. మీ స్క్రీన్ 144 హెర్ట్జ్‌దైతే (అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేదైతే) డిస్‌ప్లే సెట్టింగుల్లో బ్యాటరీ మీద ఉన్నప్పుడు 60కి మార్చుకోండి.

బ్యాగ్‌లోంచి తీసేసరికి ల్యాప్‌టాప్ వేడిగా ఉంటోందా? మూత వేసినా అది పూర్తిగా నిద్రపోవడం లేదన్నమాట. పవర్ ఆప్షన్స్‌లో మూత వేస్తే ‘హైబర్నేట్’ అయ్యేలా, అంటే తెరిచి ఉన్న పనిని దాచుకుని పూర్తిగా ఆగిపోయేలా పెట్టండి. హాస్టల్‌లో రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేసే అలవాటుంటే కంపెనీ ఇచ్చిన యాప్‌లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం ఉందేమో వెతకండి. వేడిలో, 100 శాతం దగ్గర ఎక్కువసేపు ఉంటే లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

రిపోర్ట్‌లో ఆ రెండు అంకెలు ఎంతెంత ఉన్నాయో రాసి పంపండి. బ్యాటరీ మార్చాలో, ఇంకొన్నాళ్లు నడుస్తుందో చూసి చెబుతాను.