మగవాళ్ల టాయిలెట్‌లో పక్కన మనిషుంటే ఇబ్బంది పడటం మామూలేనా?

మామూలే. బెంగళూరు ఆఫీసుల్లో మన కుర్రాళ్లు యూరినల్ ఖాళీగా ఉన్నా తలుపున్న గది కోసమే ఆగుతున్నారు, ఇది అతి సిగ్గు కాదా అని అడిగారు. నా దృష్టిలో కానే కాదు.

టెన్షన్ పడితే మూత్రాశయం కింది కండరం బిగుసుకుపోతుంది, మనం వదలమన్నా వదలదు. 1976లో అమెరికాలో అచ్చయిన ఒక ప్రయోగంలో, పక్క యూరినల్ దగ్గర మనిషి నిలబడితే మూత్రం మొదలవడానికి ఎక్కువ సేపు పట్టిందని తేలింది. ఇది ముదిరితే పారురెసిస్ అంటారు. కొద్దికొద్దిగా అలవాటు చేసే చికిత్స ఉంది. దీనికి భయపడి నీళ్లు తాగడం మాత్రం మానకండి.

మన నాన్నల తరం గోడవారన వరసగా నిలబడి కబుర్లాడుకునేది. అప్పుడు పక్కవాడి చేతిలో ఫోన్ లేదు. ఇప్పుడు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వీడియో కాల్‌లో మాట్లాడుతూ వచ్చి పక్కనే నిలబడతారు. కెమెరా ఎటు తిరిగి ఉందో తెలియనప్పుడు జంకు సహజమే కదా! అనుమతి లేకుండా ఒకరి మర్మాంగాలను ఫొటో తీస్తే ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. ఆ రక్షణ మగవాళ్లకూ ఉంది.

యూరినళ్ల మధ్య భుజాల ఎత్తు అడ్డుపలకలు పెట్టించమని ఆఫీసులో మెయింటెనెన్స్ వాళ్లను అడగండి. పెద్ద ఖర్చేమీ కాదు.