ఆదివారం పనికి అదనపు రుసుము

ప్రశ్న: నల్లగొండలో ఇంటి నుంచే హైదరాబాదు, అమెరికా సంస్థలకు వెబ్‌సైట్లు చేసి ఇస్తున్నాను. గంటకు 800 రూపాయలు తీసుకుంటాను. శని, ఆదివారాల్లో పని చెబితే ఎక్కువ అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు, కానీ పని ముగిశాక బిల్లులో కాదు, మొదలుపెట్టక ముందే అడగాలి. అదనపు గంటలకు రెట్టింపు వేతనమనే కార్మిక చట్టాల నియమం ఉద్యోగులదే తప్ప మీలాంటి స్వతంత్ర నిపుణులది కాదు కాబట్టి, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మీరిద్దరూ ఒప్పుకున్న షరతే మీకు ఆధారం. ఒకటిన్నర రెట్లు, అంటే గంటకు 1,200 రూపాయలు, నా దృష్టిలో సమంజసమే. పది నిమిషాల పనైనా సెలవు చెడుతుంది గనుక కనీసం రెండు గంటల రుసుము ఉంటుందని కూడా రాయండి. అయితే వారమంతా జాప్యం చేసి మీ వీలుకొద్దీ ఆదివారం కూర్చుంటే పైసా ఎక్కువ అడగడం న్యాయం కాదు; శుక్రవారం సాయంత్రం చెప్పి సోమవారం ఉదయానికి కావాలన్నప్పుడే ఆ రేటు వర్తిస్తుంది. న్యూయార్క్‌లో శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలంటే మనకు అప్పటికే శనివారం (అర్ధరాత్రి దాటిపోతుంది), కాబట్టి వారాంతాన్ని భారత కాలమానం ప్రకారమే లెక్కిస్తామని ఒప్పందంలో స్పష్టంగా పేర్కొనండి.