వేల ఫొటోలు దాచుకున్నా, ఒక్క నగరమూ చూడలేదు... డిజైన్‌లో రాణించగలనా?

ప్రశ్న: ప్లస్ టూ అయిపోయింది. ఆర్కిటెక్చర్ చదవాలని ఉంది, ఆర్ట్, డిజైన్ అన్నా ఇష్టమే. ఒక ఏడాది ఆగి బార్సిలోనా, ఇస్తాంబుల్, టోక్యో తిరిగొస్తే పోర్ట్‌ఫోలియో బలంగా ఉంటుందని స్నేహితులు అంటున్నారు. ఇంట్లో అంత స్తోమత లేదు, పైగా తిరుగుళ్లు చదువు కాదంటున్నారు. ఫోన్‌లో మాత్రం ప్రపంచంలోని గొప్ప భవనాల ఫొటోలు వేలల్లో సేవ్ చేసి పెట్టుకున్నాను. ఏం చేయమంటారు?
– ఓ విద్యార్థి

జవాబు: ముందు మీ భయం సంగతి తేల్చేద్దాం. సిడ్నీ ఒపేరా హౌస్ తెలియనివాళ్లు తక్కువ. 1957లో దాని డిజైన్ పోటీ గెలిచిన డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ అప్పటికి సిడ్నీలో అడుగే పెట్టలేదు. ఓడల వాళ్లు వాడే హార్బర్ చార్టులు ముందేసుకుని కూర్చున్నారు. ఒడ్డు ఎక్కడ వంపు తిరుగుతోంది, ఆ స్థలం నీళ్లలోకి ఎంత పొడుచుకొచ్చింది అన్నవి వాటిలోంచే పట్టుకున్నారు. మూడు పక్కలా నీళ్లున్న ఆ చోటును జనం పడవల్లోంచీ చూస్తారు, ఎత్తయిన వంతెన మీద నుంచీ చూస్తారు. కాబట్టి గోడలకన్నా పైకప్పే కంటికి ముందు ఆనుతుంది. అక్కణ్నుంచి పుట్టినవే ఆ తెల్లటి గుల్లలు. నగరం చూడకపోవడం ఆయనకు అడ్డం కాలేదు. చూడని నగరం గురించి ఏమేం అడిగి తెలుసుకోవాలో ఆయనకు తెలుసు.

మీ ఫొటోలు ఆ పని చేయవు. వాటిని దాచింది మీకు నచ్చినందుకు, అంతకు మించి అవి మిమ్మల్ని ఏమీ అడగలేదు. అడ్మిషన్ల ప్యానెల్‌లో కూర్చునేవాళ్లు నచ్చిన బొమ్మల జాబితా కోసం చూడరు. దాన్ని చూసి మీరేం గ్రహించారన్నదే వాళ్లకు కావాలి.

అలాగని వెళ్లి చూడ్డం దండగ అనుకోకండి. అదే ఒపేరా హౌస్ ఫొటోల్లో తెల్లగా, ఒకే ముక్కలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే పైకప్పు నిండా టైల్సే, పది లక్షలకు పైగా ఉన్నాయి. అవీ రెండు రకాలు: నిగనిగలాడే తెల్లవి, మెరుపు లేని లేత మీగడ రంగువి. అన్నీ మెరిసేవే వేస్తే ఎండలో కళ్లు చెదురుతాయి, అన్నీ మెరవనివే వేస్తే మబ్బు పట్టిన రోజున కప్పు వెలవెలబోతుంది. రెండూ కలిశాయి కాబట్టే పొద్దు మారేకొద్దీ దాని రంగూ మారుతుంది. ఇలాంటివి కళ్లారా చూస్తేనే వంటబడతాయి.

ఇక ఏడాది ఆగే విషయం. వద్దనే నా సలహా, డబ్బున్నవాళ్లకైనా ఇదే చెబుతాను. ప్లాన్ (పై నుంచి చూసినట్టు గీసే బొమ్మ), సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోస్తే కనిపించే బొమ్మ) చదవడం రాకముందు పది నగరాలు తిరిగితే ఫోన్‌లో ఫొటోలు ఇంకొన్ని పెరుగుతాయి, అంతే. కాలేజీలో రెండేళ్లు గడిచాక ఒక్క నగరంలో పది రోజులున్నా అంతకు ఎన్నో రెట్లు పట్టుకోగలుగుతారు. వేరే దేశపు కాలేజీలో కొన్నాళ్లు చదివే ఎక్స్ఛేంజ్ సెమిస్టర్లు, వేసవి వర్క్‌షాపులు, విద్యార్థులకిచ్చే ట్రావెల్ స్కాలర్‌షిప్‌లు కూడా కోర్సులో చేరాకే మీ చేతికి అందుతాయి.

ఇక్కడ చాలామంది తడావో ఆండో పేరు ఎత్తుతారు. నిజమే, ఈ జపాన్ ఆర్కిటెక్ట్ ఏ కాలేజీలోనూ ఆర్కిటెక్చర్ చదవలేదు, అంతకుముందు బాక్సర్. 1965లో యూరప్ వెళ్లి భవనాలు చూశారు, 1995లో ఆర్కిటెక్చర్‌లో అతి పెద్దదైన ప్రిట్జ్కర్ బహుమతి అందుకున్నారు. కానీ ఆ ప్రయాణానికి ముందు జరిగింది ఎవరూ చెప్పరు. ఆయన యూరప్‌లోని ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ లె కార్బూసియె డ్రాయింగుల పుస్తకం ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుని, అందులోని గీతలన్నీ మళ్లీ మళ్లీ ట్రేస్ చేశారు. రైలెక్కే సరికే ఆ భవనాలు ఆయన చేతికి తెలుసు. ఇంకో మాట: చాలా దేశాల్లో ఇప్పుడు గుర్తింపు పొందిన డిగ్రీ, ఆపైన లైసెన్స్ లేనిదే ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోవడం కుదరదు. ఆండోను చూసి ఉత్సాహం తెచ్చుకోండి, డిగ్రీ మాత్రం మానకండి.

మరి ఇప్పుడేం చేయాలి? మీ ఫొటోల్లోంచి ఒక్కటి తీయండి. పారిస్‌లోని పాంపిడూ సెంటర్ కచ్చితంగా ఉండే ఉంటుంది. 1977లో తెరిచారు, రెంజో పియానో, రిచర్డ్ రోజర్స్ డిజైన్. బయటంతా రంగురంగుల గొట్టాలు. ఆ రంగులు అలంకారం అనుకుంటారు చాలామంది. నీలం గాలికి, ఆకుపచ్చ నీళ్లకు, పసుపు కరెంటుకు, ఎరుపు మనుషులూ సరుకులూ కదిలే లిఫ్టులూ మెట్లకూ. సరే, అవన్నీ బయటెందుకు పెట్టారు? లోపల అంతస్తులు ఖాళీగా, నడుమ స్తంభాలు లేకుండా ఉంటే ఏ ప్రదర్శన కావాలంటే దానికి తగ్గట్టు మార్చుకోవచ్చని. మరి ఎండకూ వానకూ తగిలే గొట్టాలకు నిర్వహణ ఎలా? ఈ భవనాన్ని పెద్ద మరమ్మతుల కోసం ఎన్నిసార్లు మూశారు? ఇలా ఒకదాని వెంట ఒకటి అడుగుతూ, జవాబులు వెతికి, చేత్తో బొమ్మలు వేసి నాలుగు పేజీలు చేయండి. మొదట మీరేం ఊహించారో, అది ఎక్కడ తప్పిందో కూడా అందులో ఉంచండి. ఇంటర్వ్యూలో ఆ పేజీ దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు.

పెద్ద పేర్లున్న భవనాలే చూడాలని లేదు. లండన్ మెట్రో మ్యాప్ తీసుకోండి. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో గీశారు, 1933లో జనంలోకి వచ్చింది. భూమ్మీద అసలు దూరాలను పక్కనబెట్టి, కరెంటు సర్క్యూట్ బొమ్మలా నిలువు, అడ్డం, ఐమూల గీతలతోనే తేల్చేశారు. భూగర్భంలో ఉన్న ప్రయాణికుడికి కావాల్సింది ఎక్కడ దిగాలి, ఎక్కడ మారాలి అన్నదే కదా. ఇప్పుడు చాలా దేశాల మెట్రో మ్యాపుల్లో ఆ పద్ధతే కనిపిస్తుంది.

చదివేదాన్ని కాస్త అనుమానించడమూ అలవాటు చేసుకోండి. స్పెయిన్‌లోని బిల్బావో నగరాన్ని 1997లో తెరిచిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఒక్కటే మార్చేసిందని ఎక్కడ చూసినా రాస్తారు. అంతకు రెండేళ్ల ముందే అక్కడ మెట్రో మొదలైంది, దాని స్టేషన్లు నార్మన్ ఫోస్టర్ డిజైన్. నది శుద్ధి పనులు కూడా ఏళ్ల తరబడి నడిచాయి. ఆ ఖ్యాతి అంతా మ్యూజియానికి తొడిగిన టైటానియం రేకులకే పోయింది, ఏం చేస్తాం!

ఖర్చు లేని దారులు చాలానే ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం తన చిత్రాల్ని కుంచె గీతలు కనిపించేంత స్పష్టంగా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తుంది. 1992లో లండన్‌లో మొదలైన ఓపెన్ హౌస్ పండుగ ఇప్పుడు ఎన్నో నగరాల్లో జరుగుతోంది. మామూలు రోజుల్లో లోపలికి రానివ్వని భవనాల తలుపులు ఆ రోజుల్లో తెరుస్తారు, వాలంటీర్లుగా విద్యార్థుల్నీ తీసుకుంటారు. ఊళ్లో తిరుగుతూ కళ్లెదుట ఉన్నవి అక్కడికక్కడే గీసే అర్బన్ స్కెచర్స్ బృందాలు చాలా దేశాల్లో ఉన్నాయి, స్కెచ్‌బుక్ ఉంటే చాలు.

మీకు నిజంగా నచ్చేది భవనాలు కట్టడమా, చూడటమా అన్నది ఇంకా తేలలేదనిపిస్తోంది. తేలకపోయినా ఫర్వాలేదు. కట్టడం మీద ఆసక్తి లేనివాళ్లకు పాత కట్టడాల పరిరక్షణ, మ్యూజియం ప్రదర్శనల డిజైన్, స్టేషన్లూ ఆసుపత్రుల్లో దారి చూపే బోర్డుల డిజైన్, ఆర్కిటెక్చర్ ఫొటోగ్రఫీ, వీడియో గేముల్లో నగరాలు సృష్టించే పని ఉన్నాయి. ఏదైనా మొదటి ఏడాది చదువు చాలావరకు ఒకటే: గీయడం, కొలవడం, మోడల్ చేయడం.

మీ ఇంట్లోవాళ్లకు రెండు పాస్‌పోర్ట్ ముద్రలకన్నా ఆ నాలుగు పేజీలు చూపించండి. మాట్లాడటం తేలికవుతుంది.

ఫలితాలు వచ్చేలోపు ఓ చిన్న పని. రోమ్‌లోని పాంథియన్ సెక్షన్ వేయండి. లోపలి గది గుండ్రం, వ్యాసం 43.3 మీటర్లు, నేల నుంచి గుమ్మటం పైదాకా ఎత్తూ అంతే. కంపాస్‌తో ఓ పూర్తి వృత్తం గీస్తే అందులో సరిగ్గా ఇమిడిపోతుంది. నడినెత్తిన పెద్ద గుండ్రటి రంధ్రం ఉంది, దానికి మూత లేదు. దాదాపు 1900 ఏళ్లుగా అందులోంచి పడుతున్న వాన నీళ్లు ఎటు పోతున్నాయో నేల గీసేటప్పుడు కనిపెట్టి, మీ బొమ్మలో చూపించండి.